పెళ్లి వీడియోలో తాలు

మా తమ్ముడి పెళ్లిలో పప్పు వడ్డించడం అవసరమా, కాదా? నాలుగు రోజులుగా మా ఇంట్లో నడుస్తున్న వాదన ఇది. తమ్ముడి పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. పప్పు అప్పుడే వడ్డించేశారు, అందరూ తినేశారు కూడా. అయినా వాదన తెగలేదు.

"అనవసరం" అంటారు మా వారు త్రినాథ్ గారు. "బంతి భోజనాలు ఇరవై ఆరు నిమిషాలు! దాదాపు ఒక జీబీ! తినేవాళ్లని ఎవరు చూస్తారే?"

"పెళ్లికి సగం మంది వచ్చిందే అందుకు కదండీ" అంటాను నేను.

సంగతేమిటంటే, మా అటక మీద రెండు అట్టపెట్టెల నిండా నూట అరవై డీవీడీలున్నాయి. పెద్ద పెట్టెలో నూట పది సినిమాలు. రెండో దాంట్లో బంధువుల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. డీవీడీ ప్లేయర్ ఎప్పుడో కన్నుమూసింది. అందుకని వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్క్‌లో భద్రపరిచే మహాకార్యానికి మా వారు పూనుకున్నారు. డీవీడీలన్నీ కలిపి ఏడు వందల జీబీ. డిస్క్ ఐదు వందల జీబీ.

పాఠకులారా, ఇక్కడే నాకు జ్ఞానోదయమైంది. చోటు చాలకపోవడం అనేది వరం! నవ్వకండి. చోటున్నచోట మనిషి బుర్ర పనిచేస్తుందా? మా ఫ్రిజ్‌లో చోటుంది. అందుకే మంగళవారం నాటి పులుసు ఆదివారం దాకా ఉంటుంది. మా బీరువా మీద చోటుంది. అందుకే పనికిరాని మిక్సీ, దాని అట్టపెట్టె, ఆ పెట్టెలోని థర్మాకోల్ పన్నెండేళ్లుగా అక్కడ విశ్రాంతి తీసుకుంటున్నాయి. చోటు నిండుకున్నప్పుడే కదా, ఏది ముఖ్యమో ఏది కాదో తేలేది!

మా అమ్మాయి భవ్యకి ఈ తత్వం బోధపడలేదు. "రెండు టీబీల డిస్క్ తెచ్చుకుంటే పోతుంది కదా నాన్నా" అంది.

మా వారు గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా సూపర్‌వైజర్. మిరపకాయల బస్తా, అదే టిక్కీ, ఒక్కటి వంకరగా పేర్చినా ఆయనకి నిద్ర పట్టదు. "టిక్కీలు ఎక్కువొచ్చాయని ఇంకో కోల్డ్ స్టోరేజీ కడతామా అమ్మా? తాలు తీసేసి, ఉన్నచోట సర్దుతాం" అన్నారు.

తాలంటే తెలుసుగా? ఎర్రటి కాయల మధ్య రంగు పోయి తెల్లబడ్డ కాయలు. వాటిని ఏరి పక్కన పోస్తే సరుకు కళకళలాడుతుంది. మిరపకాయల్లో తాలున్నప్పుడు పెళ్లిళ్లలో ఉండదా?

ముందు కంప్రెస్ చేశారు. కొత్త ఫార్మాట్‌లోకి మారిస్తే సైజు నాలుగో వంతుకి వస్తుందని, బొమ్మ పెద్దగా చెడదని భవ్య నేర్పింది. ఆయన అక్కడితో ఆగుతారా? పెళ్లిళ్లని పదో వంతుకి నొక్కారు. సినిమాల జోలికి మాత్రం పోలేదు. ఫైట్లలో క్లారిటీ పోతుందట!

దాంతో మా ఆడపడుచు పెళ్లికొచ్చిన జనమంతా గళ్లు గళ్లుగా తయారయ్యారు. ఇదీ ఒకందుకు మంచిదే! ఎవరొచ్చారో, ఎవరు అలిగి మానేశారో తెలియదు. మా అత్తగారు వెంకటేశ్వరమ్మ గారు టీవీలో ఒకావిడని చూసి, "ఎవరే అమ్మాయ్ ఆమె? లక్షణంగా ఉంది" అన్నారు. ఆవిడ ఈవిడ సొంత తోటికోడలు! ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. ఏ పెద్దమనిషి కుదర్చగలిగాడండీ ఈ రాజీ?

అయినా చోటు చాలలేదు. ఇక కత్తిరింపులు. అప్పగింతల్లో ఏడుపులు తీసేశారు. ఇప్పుడు మా పెళ్లికూతుళ్లందరూ నవ్వుకుంటూ కారెక్కుతున్నారు. ఎంత శుభం! తలంబ్రాలు సగమే పోశారు. మా తమ్ముడి ఊరేగింపులో బావగారి హోదాలో మా వారు చేసిన డాన్స్ మాత్రం పద్నాలుగు నిమిషాలూ చెక్కుచెదరలేదు. అది కథకి అవసరమట.

ఎక్కించడం అయిపోయిన డీవీడీలకీ గతి దొరికింది. ప్రత్తిపాడు నుంచి మా మరిది యలమంద ఫోన్ చేశాడు. "వదినా, ఆ బిళ్లలన్నీ నాకియ్యి. జొన్న చేలో తాళ్లకి కడతా. తళతళకి చిలకలు రావు. ఆదివారం వచ్చి పట్టుకుపోతా." ఇన్నేళ్లకి మా చుట్టాలు ఒకరికి పనికొచ్చే పని చేయబోతున్నారు!

ఇన్ని లాభాలు చెప్పినదాన్ని, మరి పప్పు దగ్గర పేచీ ఎందుకు పెట్టానంటారా?

ఆ బంతి భోజనాల్లో పదిహేడో నిమిషం దగ్గర మా అమ్మ వస్తుంది. చేతిలో పప్పు బకెట్టు, కొంగు బొడ్లో దోపుకుని. వీడియో తీసే నాగూర్ వలి లైటు ఆవిడ మీదకి తిప్పి, "అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి" అంటాడు. "నన్నెందుకు నాయనా, అటు తినేవాళ్లని తియ్యి" అని అమ్మ నవ్వుతుంది. గరిటెలో పప్పు కాస్త విస్తరి పక్కన పడుతుంది. అంతే. పదకొండు సెకన్లు.

అమ్మ పోయి ఆరేళ్లు. ఫోటోల్లో అన్నిచోట్లా ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటుంది. ఆవిడ గొంతు ఉన్నది నూట అరవై డీవీడీల్లో ఈ పదకొండు సెకన్లే.

మా వారికి అది గుర్తులేదు. గిట్టక తీసేస్తాననడం కాదు. అక్కడ జరుగుతున్నది వడ్డన, అంతే! పొయ్యి దగ్గర వాళ్లు, వడ్డించేవాళ్లు, పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లు, విస్తళ్లు ఎత్తేవాళ్లు — పెళ్లి చేసిన వాళ్లందరూ తాలు. కుర్చీల్లో కూర్చున్న వాళ్లు మేలు రకం సరుకు.

ఆదివారం యలమంద వచ్చాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. నేను పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తూ, గొంతు పెంచకుండా చెప్పాను.

"ఏమండీ, కాయల్లో తాలు ఏరే పని మన వైపు ఎప్పుడూ ఆడవాళ్లదే. మీ కోల్డ్ స్టోరేజీకి వచ్చేది మేం ఏరి పంపిందే. అందుకని ఈ నాలుగు రోజులూ మీరు డ్యూటీలో ఉండగా నేనూ భవ్యా కూర్చున్నాం. సినిమాలన్నీ నాలుగో వంతుకి తగ్గించాం. పెళ్లిళ్లన్నీ మళ్లీ మొదటినుంచీ ఎక్కించాం. కత్తిరింపుల్లేవు. అన్నీ పట్టాయి."

మా వారి చేతిలో ముద్ద ఆగింది. "మరి ఫైట్లు?"

"ఉన్నాయండీ. క్లారిటీ కాస్త తగ్గి ఉంటుంది. మీ డాన్స్ కూడా ఉంది."

మా అత్తగారు కంచంలోకే చూస్తూ, "ఆ తోటికోడలు మళ్లీ కనపడుద్దన్నమాట" అన్నారు.

"కనపడతారు అత్తయ్యా. యలమందా, సినిమాల పెట్టె నువ్వు పట్టుకెళ్లు. పెళ్లిళ్ల పెట్టె అటక మీదే ఉంటుంది. ఇక నుంచి ఈ ఇంట్లో ఏది తాలో నేను చెప్తాను. అన్నం కలుపుకోండి, చల్లారిపోతోంది."