కదిలితేనే ట్రాఫిక్

"మహాజనులారా! ఎల్లారెడ్డి పొలిమేరలో, కామారెడ్డి రోడ్డు మలుపులో శివలింగప్ప సేటు గారు నడపబోయే రైసు మిల్లుకు ఇజాజత్ ఇచ్చే ముందు, జనం ప్రాణాలకు ముప్పు ఉన్నదీ లేనిదీ సర్కారు తూచి చూడదలచింది! రోడ్డు మీద తిరిగే ప్రతి బండినీ లెక్కపెట్టడానికి పట్నం నుంచి ప్రత్యేక అధికారి నర్హరిరావు సాహెబు వారు వేంచేస్తున్నారహో!"

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు డప్పు మీద ఈ చాటింపు విన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది. కచేరీ అరుగు మీద కూర్చొని ఉర్దూలో అర్జీలు రాసి బతికేవాణ్ని నేను. సర్కారు మా భూములు కొలిచింది, మా పశువులను లెక్కపెట్టింది, మమ్మల్ని కూడా లెక్కపెట్టింది. మా ప్రాణాలు తూచుతానన్నది మాత్రం ఇదే మొదలు.

మలుపు దగ్గరి వాడలో ఉండే ముత్తవ్వ చాటింపు విని నేరుగా నా దగ్గరికే వచ్చింది. వాళ్ల వాడ రోడ్డుకు ఇటు, మంచినీళ్ల బావి అటు. పోయిన కోతలప్పుడు ఆ మలుపులోనే వడ్ల బండి కింద పడి ఆమె కోడలు మంగవ్వ కాలు విరిగింది. ఇప్పటికీ కర్ర లేనిదే అడుగు పడదు.

"మిల్లు వద్దని రాయకు అయ్యా" అంది ముత్తవ్వ. "మావోళ్లకు గూడ కూలి దొర్కుతది. గేటు మాత్రం ఎనుక దిక్కు పెట్టుమని రాయి. బండ్లు చేన్ల దిక్కుకెళ్లి వస్తయి, మేము బతికుండి నీళ్లు తెచ్చుకుంటం."

ఇంత చిన్న కోరిక అర్జీకి అందం ఇవ్వదు. అయినా రాశాను. గేటు వెనక పెడితే మిల్లుందని లోకానికెట్లా తెలుస్తుందని సేటు గారు వేసిన జవాబు అర్జీ కూడా నేనే రాశాను. రెండూ చాలా బాగా వచ్చాయి.

అధికారి వస్తున్నారంటే ఆయన సామానుకు వెట్టి బండ్లు పట్టడం మా దగ్గర ఆచారం. డేరాకు మూడు బండ్లు, మంచానికీ పరుపులకూ రెండు, వంటపాత్రలకు రెండు, బల్లలకూ కుర్చీలకూ మూడు, స్నానాల తొట్టికి ఒకటి. పటేలు మనుషులు దారిలో కనబడ్డ బండినల్లా కామారెడ్డి స్టేషనుకు తోలించారు. సంగతి తెలిసి మిగతావాళ్లు బండ్లను అడవిలో దాచారు. తండా నుంచి కట్టెలు తెచ్చే తారాసింగ్ తన బండి చక్రం ఊడదీసి అటక మీద పెట్టుకున్నాడు. పటేలు మనుషులు ఎంతో శ్రద్ధగా ఆ చక్రం దించి, బిగించి, అతన్ని కూడా తోలించారు.

మరునాడు సాహెబు వారు మలుపులో డేరా ముందు కుర్చీ వేసుకొని, గడియారం చేతబట్టి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా రోడ్డును చూశారు. మధ్యాహ్నం కునుకు కూడా తీయలేదు. అంత దీక్ష నేను మునుల్లో ఉంటుందని విన్నాను గానీ ఉద్యోగుల్లో చూడలేదు. గుమాస్తా ఫారం మీద గంటగంటకూ ఒక సున్నా వేశాడు.

ఆఖరి సున్నా పడుతుండగా ముత్తవ్వ ముందుకొచ్చింది. "సాహెబు, బండ్లన్ని మీ డేరా ఎనుకనే ఉన్నయి. పదకొండు."

సాహెబు వారు వెనక్కి తిరిగి ఓపికగా లెక్కపెట్టారు. "నిజమే. కానీ అవి నిలబడి ఉన్నాయి. కదిలితేనే ట్రాఫిక్."

"మమ్ముల ఇడిస్తే కదులుతయి గద హుజూర్!" అన్నాడు తారాసింగ్.

"విడిస్తే నా సామాను ఎవరు మోస్తారు?"

అట్లా విచారణ ముగిసింది. పన్నెండు గంటల్లో ఒక్క బండీ తిరగని రోడ్డు మీద గేటు పెడితే ముప్పేమీ లేదని తేలింది. అయినా సాహెబు వారు తొందరపడే మనిషి కాదు. నెల రోజులు మిల్లు నడిపి చూడమన్నారు, ఆ తర్వాత మళ్లీ వచ్చి, కళ్లారా చూసి ఆఖరు హుకుం ఇస్తామన్నారు.

బండ్లు విడుదలయ్యాయి, మిల్లు మొదలైంది. లింగంపేట నుంచి, పిట్లం నుంచి వడ్ల బండ్లు వచ్చి పడ్డాయి. బియ్యం లారీలు కామారెడ్డి స్టేషనుకు దుమ్ము రేపుకుంటూ పోయేవి. వాడ ఆడవాళ్లు ఖాళీ కడవలతో రోడ్డు పక్కన గంటలకొద్దీ నిలబడేవాళ్లు. తెగించి దాటబోయిన కమలవ్వ చెయ్యి విరిగింది. ఆ నెలలో ముత్తవ్వకు నాలుగు అర్జీలు పైసా తీసుకోకుండా రాసిపెట్టాను.

నెల తిరగ్గానే సాహెబు వారు వచ్చారు. ఈసారి సేటు గారి మోటారులో వచ్చారు కనుక బండ్లు పట్టే పని పడలేదు. గేటు పక్కన పందిరి కింద కూర్చొని రోడ్డు చూశారు. బండి వెనక బండి, బండ్ల నడుమ లారీ. ఇటు పక్కన నలభై మంది ఆడవాళ్లు, నలభై ఖాళీ కడవలు.

"గేటు మార్చవలసిందే" అని ఆయన పెన్సిల్ తీశారు. సేటు గారి మొహం వాడింది. ముత్తవ్వ నా వైపు చూసి రెండు చేతులూ జోడించింది.

అప్పుడే సాహెబు వారికి దాహమైంది.

"నీళ్లు అవుతల ఉన్నయి హుజూర్" అన్నాడు పటేలు. "జర బండ్లు తెగంగనే తెప్పిస్త."

"అవి తెగేదాకా నేను గొంతెండి కూర్చోవాలా?"

పటేలు రోడ్డు నడుమకు దూకి రెండు చేతులూ చాచాడు. బండ్లు ఆగాయి, లారీలు ఆగాయి. సాహెబు వారి వెంట వచ్చిన జవాను చెంబు పట్టుకొని బావికి పరుగెత్తాడు. అదను చూసి ఆడవాళ్లందరూ అతని వెంట పరుగెత్తారు. మంగవ్వ కూడా కర్ర ఊతంగా కుంటుకుంటూ వాళ్లతోపాటే అవతలికి చేరింది.

జవాను తెచ్చిన నీళ్లు సాహెబు వారు తృప్తిగా తాగి, పెన్సిల్ కాగితం మీద పెట్టారు. "ఒక కుంటి మనిషితో సహా నలభై మంది స్త్రీలు రెండు నిమిషాల్లో ఏ అపాయమూ లేకుండా రోడ్డు దాటగా స్వయంగా చూశాను. గేటు ఉన్నచోటే ఉండవలెను. ఇది ఆఖరు హుకుం."

సంతకమైంది. పటేలు పక్కకు తప్పుకున్నాడు. ఆగిన బండ్లూ లారీలూ ఒక్కసారిగా కదిలాయి. సాహెబు వారు మోటారెక్కారు.

దుమ్ములోంచి, నిండు కడవ నెత్తిన పెట్టుకొని అవతలి గట్టున నిలబడ్డ ముత్తవ్వ గొంతు వినపడింది.

"సాహెబూ! ఇంకో చెంబు తాగుండ్రి! మేము ఈడనే ఉన్నం!"