జెనీవా దారిలో అడ్డుపుల్ల

"అయిపోయింది మేడమ్. ఎవరో ఆపారు," అన్నాడు డెల్‌రాయ్ పింక్నీ, తలుపు తోసుకుని వస్తూనే.

థియా హాస్కెల్ కాఫీ కప్పు పెదవుల దాకా వెళ్లి ఆగింది. ఉదయం ఆమె వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం సెనేట్ తనను వాణిజ్య ఉపప్రతినిధిగా ఆమోదిస్తుంది. సాయంత్రం అక్కతో భోజనం. ఆదివారం వాణిజ్య చర్చలకు జెనీవా విమానం. ఇప్పుడు ఆ ప్లానులో అక్క ఒక్కతే మిగిలింది.

"ఎవరు ఆపింది?"

"అది చెబితే ఇంకేం. పార్టీ గదిలో 'ఒక సెనేటరు గారు' అన్నారు, తలుపేసుకున్నారు."

వాషింగ్టన్‌లో ఇది పాత ఆనవాయితీ. ఇలాంటి పదవులకు ఓట్లు లెక్కపెడుతూ కూర్చునే తీరిక సెనేట్‌కు ఉండదు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని సభలో అడుగుతారు. ఎవరూ కిక్కురుమనకపోతే ఆమోదం వచ్చినట్టే. కానీ వందమందిలో ఏ ఒక్కరైనా ముందుగా తమ పార్టీ గదికి వెళ్లి, చెవిలో "ఆపండి" అంటే చాలు, బండి ఆగిపోతుంది. ఆ అడ్డుపుల్ల వేసింది ఎవరో గదిలోవాళ్లు చెప్పరు. అడగడం మర్యాద కాదు.

ఈ రాత్రితో సభకు వేసవి సెలవులు. ఈలోగా ఆమోదం రాకపోతే థియా పేరు దాన్ని ప్రతిపాదించిన వైట్ హౌస్‌కు తిరిగి వెళ్లిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఆమె వాణిజ్య చర్చల్లో వెనక వరుసలో కూర్చుని, ముందు కుర్చీలోని మగమహారాజులకు జవాబులు అందించింది. మొదటిసారి ఆ ముందు కుర్చీ ఆమెకు దక్కబోతోంది. దాన్ని ఎవరో ముఖం చూపించకుండా లాగేశారు.

"ఎవడమ్మా ఆ పిరికిపంద?" అంటూ బల్ల గుద్దారు కాన్సస్ సెనేటర్ హాలిస్ బ్రాకెట్. గది ఆయనదే, బల్లా ఆయనదే. థియా తమ రాష్ట్రం పిల్ల అని కమిటీ ముందు ఆమెను సొంత మేనకోడలిలా పొగిడిన పెద్దమనిషి. "పేరు దొరకనీ, సభలో నిలబెట్టి తోలు తీస్తా."

"బీపీ సార్," అన్నాడు డెల్‌రాయ్. నామినీలను సెనేటర్ల గదులకు తిప్పి, క్షేమంగా వెనక్కి తేవడానికి వైట్ హౌస్ జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి అతను.

"నా బీపీ నేను చూసుకుంటా. మీరు జార్జియా ఆవిడను చూడండి. లవీనియా కోట్స్. కమిటీలో పెకాన్ గింజల ఎగుమతి గురించి అడిగితే నువ్వు పొడిపొడిగా చెప్పావు థియా. ఆవిడ నిమ్మకాయ కొరికినట్టు ముఖం పెట్టింది. నేను చూశాను."

ఇద్దరూ పరిగెత్తారు.

ప్రతి సెనేటరు గదిలోనూ తమ రాష్ట్రంలో పండేది గిన్నెలో పోసి పెడతారు. వచ్చినవాళ్లు తినాలి, తిన్నవాళ్లు మెచ్చుకోవాలి. థియా గుప్పెడు పెకాన్లు నోట్లో పోసుకుని, "ప్రపంచంలో దీనికి సాటి వచ్చే గింజ లేదండీ," అంది.

కోట్స్ ముఖం వెలిగిపోయింది. "ఎంత చక్కగా చెప్పావు తల్లీ. ఇదిగో, ఇలా నవ్వు." ఫొటో తీసి, ఆ మాటతో సహా లోకానికి పంచేసింది. "అన్నట్టు, నిన్ను ఆపింది నేను కాదు. నాకసలు నీ మీద కోపమే లేదు."

వాళ్లు వరండాలోకి వచ్చేసరికి డెల్‌రాయ్ ఫోన్ మోగింది. విని, నుదురు తుడుచుకున్నాడు. "ఇంకొకటి పడింది మేడమ్. ఈసారి పేరు దాచుకోలేదు. కాలిఫోర్నియా, రూబెన్ అర్బీసు. బాదం తోటల ఆసామి. 'సాటి లేదా? చూద్దాం' అన్నాట్ట."

అర్బీసు గదిలో బాదంపప్పు తినడంతో సరిపోలేదు. ఆయన పెద్ద గ్లాసులో బాదం పాలు పోసి, పక్కనే నిలబడ్డాడు. థియా గటగటా తాగి, "అసలు పాలంటే ఇవీ," అంది. ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి అభ్యంతరం తీసేయించాడు. తర్వాత ఆ మాటను పక్క గదిలో చెప్పుకున్నాడు.

పక్క గది విస్కాన్సిన్‌ది.

"గింజకు పొదుగెక్కడుందో నాకు చూపించండి," అంది ఆ రాష్ట్ర సెనేటర్ గ్రెటా లిండ్‌క్విస్ట్. ఆవిడ అప్పటికే అడ్డుపుల్ల వేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. "మావాళ్లు తెల్లారకుండా లేచి పాలు పితికేది దేనికి? నానబెట్టిన బాదంపప్పుతో పోటీ పడ్డానికా?"

పళ్ల కింద కిచకిచమనే తాజా చీజ్ ఒక పళ్లెం నిండా తిన్నాక గానీ థియాకు మాట్లాడే అవకాశం రాలేదు. చివరికి, "దీని ముందు ఏ గింజా నిలవదు," అంది. అనగానే డెల్‌రాయ్ కళ్లు మూసుకున్నాడు. లిండ్‌క్విస్ట్ మెత్తబడి, "ఆలోచిస్తాలే," అంది. అడ్డుపుల్ల మాత్రం తియ్యలేదు. గోడలకు చెవులున్నాయి, పైగా పక్క గది అర్బీసుది. ఆయన పుల్ల మళ్లీ వచ్చి పడింది. ఇందాక కోపమే లేదన్న కోట్స్ కూడా ఒకటి వేసింది.

"మధ్యాహ్నం ఒక్కటే. ఇప్పుడు నాలుగు," అన్నాడు డెల్‌రాయ్. "మనం ఇంకా కష్టపడితే వందా పూర్తవుతాయి."

సభాభవనానికి నేల కింద చిన్న రైలు ఉంది. అందులోకి ఎక్కి కూర్చున్నాక చూస్తే, ఎదుటి బెంచీ మీద కోట్స్, అర్బీసు, లిండ్‌క్విస్ట్ ముగ్గురూ ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. థియా ముఖం మాత్రం ముగ్గురూ చూస్తున్నారు.

"అమ్మాయ్," అంది కోట్స్, "ఒక్క మాట మీద ఉండు. ఏది మంచిదంటావ్?"

థియా కడుపులో మూడు రాష్ట్రాలు కొట్టుకుంటున్నాయి. రోజంతా అణచుకున్నది బయటికి వచ్చేసింది.

"ఏదీ కాదు. మీ పెకాన్ నా పళ్లలో ఇరుక్కుంది, ఇంకా రావట్లేదు. మీ బాదం పాలు సున్నపు నీళ్లలా ఉన్నాయి. మీ చీజ్ కడుపులోకి వెళ్లాక కూడా కిచకిచమంటోంది. వీటిలో ఏదీ జన్మలో మళ్లీ ముట్టను. కానీ జెనీవాలో అవతలివాడు వీటిలో దేని మీద సుంకం పెంచుతానన్నా, తగ్గించేదాకా వాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వను. నాకొచ్చిన విద్య అదొక్కటే. కావాలంటే పంపండి. వద్దంటే ఇంటికి పోయి పడుకుంటా."

రైలు ఆగింది. ఎవరూ దిగలేదు.

"బాదం పాలు ఎలా ఉన్నాయన్నావ్?" లిండ్‌క్విస్ట్ ఆప్యాయంగా అడిగింది. "మళ్లీ ఒకసారి చెప్పు."

"పెకాన్ ఇరుక్కుందట, విన్నారుగా," అన్నాడు అర్బీసు.

"చీజ్ సంగతీ విన్నాం," అంది కోట్స్.

తమ సరుకును తిట్టినందుకు ముగ్గురిలో ఎవరికీ పెద్ద బాధ కలగలేదు. మిగతా ఇద్దరి సరుకునూ తిట్టిందన్న తృప్తి ముందు అదెంత. మెట్లు ఎక్కుతూనే ముగ్గురూ ఫోన్లు తీశారు.

"మూడూ పోయాయి మేడమ్," అన్నాడు డెల్‌రాయ్, సందర్శకుల వరుసలో ఆమె పక్కన కూలబడుతూ. "మొదటిది మాత్రం అలాగే ఉంది."

కింద సభలో ఆఖరి పనులు ముగుస్తున్నాయి. సెనేటర్లు విమానాల వేళలు చూసుకుంటున్నారు. అప్పుడు బ్రాకెట్ లేచారు.

"మధ్యాహ్నం నించీ ఒక సమర్థురాలిని చాటుగా అడ్డుకున్న ఘనుడెవరో నాకు తెలియాలి. వాడి పేరు ఇక్కడే, ఇప్పుడే చెప్పండి."

సభానాయకుడు ఇబ్బందిగా కదిలాడు. "హాలిస్, మనం బయట మాట్లాడుకుందాం."

"బయటెందుకు? వాడు చేసింది చాటుపని, నేను అడిగేది బహిరంగంగా."

"వద్దు హాలిస్. నా మాట విను."

"వినను. దేశం వింటోంది. చెప్పండి."

సభానాయకుడు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "సరే. వసంతంలో ఒక సెనేటరు మా గదికి వచ్చారు. 'నేను సభలో నిలబడి ఉంటే తప్ప ఈ అమ్మాయి ఆమోదం కదపొద్దు, ఆమె గురించి అరగంట ప్రసంగం చేయాలి' అన్నారు. మధ్యాహ్నం చూస్తే ఆయన సభలో లేరు. ఆపాం. ఆ తర్వాత బయట ఆయన ఆమె తరఫున బల్లలు గుద్దుతున్నారని తెలిసింది. ముఖం మీద స్నేహం, వెనక అడ్డం. ఈ వయసులో ఎంత గడుసుతనమో అని మేమంతా మెచ్చుకుంటున్నాం."

"సిగ్గులేని మనిషి," అన్నారు బ్రాకెట్. "ఎవడు వాడు?"

"ఆయన ఇప్పుడు సభలోనే నిలబడి ఉన్నారు కాబట్టి ఆ అభ్యంతరం తొలగిపోయింది. థియోడోరా హాస్కెల్ నియామకాన్ని సభ ఆమోదించింది." సుత్తి మోగింది. సందర్శకుల వరుసలో డెల్‌రాయ్ థియా చెయ్యి పట్టుకుని వదల్లేదు. సభానాయకుడు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఆ సెనేటరు పేరు హాలిస్ బ్రాకెట్."

ప్రసంగం వద్దని సభ ఏకగ్రీవంగా కోరింది.