జింక కుంటిదని తేలిన కేసు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర నేను తుమ్మితే ఆ చివరి నుంచి "చిరంజీవ!" వినబడడానికి వారం పట్టేది, ఒక కేసు నడిచింది. అబద్ధం అనేవాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి. చిరుతపులిని తోక పట్టుకుని గిరగిరా తిప్పిన చెయ్యి ఇది. ఎవరూ లేవలేదు కదా? అయితే వినండి.

చెంగయ్య అనే జింకకి కాళ్లు నేల మీద నిలవవు. వాగుకెళ్లే దారిలో కుందేలుతో పరుగుపందెం వేశాడు. ఆ గాలికి చెట్ల ఆకులే కాదు, చిలకల పచ్చదనం కూడా రాలిపోయింది. దారిన పోతున్న తాబేలమ్మ వెల్లకిలా పడి, అలాగే శాపనార్థాలు మొదలుపెట్టింది. కుందేలు బొరియలో దూరి పరారీ. చెంగయ్య దొరికిపోయాడు.

దారి మీద పందెం వేస్తే అక్కడ శిక్ష ఒకటే. వానలు పడేదాకా మెడకి గుదిబండ. బండ కట్టిన జింకని పులి ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. ఆ పులి కోర్టులో వెనక వరసలోనే కూర్చుని మూతి నాక్కుంటోంది.

"పానకాలు బాబాయ్, కాపాడు!" అంటూ చెంగయ్య వకీలు నక్క కాళ్ల మీద పడ్డాడు.

"లేవరా. ఎవరడిగినా నువ్వు కుంటివాడివి. అంతే."

"నేనా? ఒక్క గెంతుకి ఏరు దాటేవాణ్ణి బాబాయ్!"

"ఆ నోరే నిన్ను చంపేది. కుంటు!"

ఏనుగు జడ్జిగారు, నేను వచ్చి కూర్చుంటే గానీ కేసు మొదలుపెట్టేవారు కాదు లెండి, చెవులాడించారు.

"మిలార్డ్, నా క్లయింటు పుట్టుకుంటి. పరుగు సంగతి సరే, సరిగ్గా నిలబడనే లేడు. సాక్షి ఉన్నాడు," అన్నాడు పానకాలు.

ఊసరవెల్లి తవిటయ్య బోనెక్కి, బోను రంగులోకి మారి, ప్రమాణం చేశాడు. "కళ్లారా చూశాను బాబూ. తూలి, తూలి, వాగుదాకా తూలాడు. ఆ తూలడం కాస్త జోరుగా జరిగింది."

"కుంటివాడని కోర్టు నమ్ముతోంది. విడుదల!" అన్నారు జడ్జిగారు. "ఇకమీదట పరిగెత్తావో, కోర్టుని మోసం చేసినట్టే. అప్పుడు గుదిబండలు రెండు."

చెంగయ్య కుంటుకుంటూ బయటికి బయల్దేరాడు. వెనకాలే పులి లేచింది.

"నువ్వు పరిగెత్తలేవని కోర్టువారే చెప్పారు. ఆగరా అబ్బాయ్."

చెంగయ్య జడ్జిగారి వైపు చూశాడు. పులి పళ్ల వైపు చూశాడు. లంకించుకున్నాడు పరుగు! పులి వెంటపడింది. కోర్టు చుట్టూ వాళ్లు తిరిగిన వేగానికి మధ్యలో ఉన్న ఏనుగుగారు బొంగరంలా తిరిగారు. తిరుగుతూనే తొండంతో ఇద్దర్నీ ఒడిసి పట్టారు.

"నా ఎదుటే పందెమా?"

"పందెమేంటండీ! తినడానికి తరుముతున్నాను!" అంది పులి.

"తినడం నేరం కాదు. ముందొకడు, వెనకొకడు పరిగెడితే అది పందెం. జింకకి గుదిబండలు రెండు, పులికి ఒకటి!"

పులి ముఖం పాలిపోయింది. "పానకాలూ, నా కేసు కూడా నువ్వే చూడవయ్యా."

"అయితే మీరూ కుంటండి పులిగారూ."

తవిటయ్య మళ్లీ బోనెక్కాడు, ఈసారి ఒంటి నిండా చారలతో. "జింకబాబు తూలాడండి. పడిపోతాడేమోనని పట్టుకోబోయి పులిగారూ తూలారండి."

ఇద్దరూ కుంటివాళ్లేనని తీర్పొచ్చింది. అప్పట్నుంచి జింక ముందు కుంటేది, పులి వెనక కుంటేది. పరిగెత్తాలంటే ఇద్దరికీ భయమే. పులి డొక్క వీపుకంటుకుపోయింది. ఆఖరికి, అప్పీలు సంగతి మాట్లాడాలి రమ్మని వకీలుకి కబురు పెట్టింది.

పానకాలు వచ్చి పక్కనే చేరి, ఏ పాయింటు ఎత్తాలో వివరించసాగాడు. పులి నిదానంగా విన్నది. నిదానంగా పంజా చాచింది.

వకీలు పెళ్లాం ఏడుస్తూ కోర్టుకొచ్చింది.

"ఆ సమయంలో ఎవరైనా పరిగెత్తారా అమ్మా?" అడిగారు జడ్జిగారు.

"లేదు బాబుగారూ. కూర్చునే ఉన్నారు."

"అయితే కేసు లేదు."

నీతి: వకీలన్నవాడు ఎన్ని కేసులైనా గెలవొచ్చు గానీ, క్లయింటు ఆకలి మీద ఉన్నప్పుడు మాత్రం పక్కన కూర్చోకూడదు.

ఇందులో ఒక్క అక్షరం కల్పితమని తోచినా వెళ్లి ఊసరవెల్లి తవిటయ్యని అడగండి. నేనెలా చెప్పమంటే అలా, ప్రమాణం చేసి మరీ చెబుతాడు.