మీమ్‌కు దొరికిన గది

మనిషంటే ఒక్కరే అనుకోవడం వట్టి అమాయకత్వమనీ, ప్రతి మనిషీ నిజానికి ఒక ఫైళ్ల కట్ట అనీ, ఒక్కో ఫైలు ఒక్కో అంతస్తులో ఉండటమే నాగరికత అనీ సమాజశాస్త్ర పరిశోధన సంస్థ ఏనాడో తేల్చేసింది. అక్కడ తేలకుండా మిగిలింది టైపిస్టమ్మ కుర్చీ ఒక్కటే.

సంస్థ న్యాయానికి పెట్టింది పేరు. ఆడ ఉద్యోగులకు గాలీ వెలుతురూ వచ్చే గది మూడో అంతస్తులో ఇచ్చింది. వికలాంగులకు మెట్లెక్కే బాధ లేకుండా కింది అంతస్తులో గది ఇచ్చింది. పైగదిలో మిగతా అందరి కాళ్లూ దివ్యంగా ఉన్నాయి. కిందిగదిలో అందరూ మగవాళ్లే. టైపిస్టమ్మ మాత్రం ఆడదై పుట్టడం చాలదన్నట్టు, చిన్నప్పటి జ్వరంలో ఎడమకాలు కూడా చచ్చుబడనిచ్చి (నియమాలు చదవకుండా పుట్టేవాళ్లతో ఇదే చిక్కు) చంకకర్రతో రోజూ పైదాకా ఎక్కుతోంది. లిఫ్టు లేకపోలేదు. ఎటూ కదలడం లేదు కదా అని అందులో పాత ఫైళ్లు సర్దారు.

రెండో మోకాలూ వాచిన రోజున ఆమె పెద్దాఫీసరు ముందు నిలబడింది.

"సార్, నా కుర్చీ కిందికి దింపించండి. ఇంకేమీ అడగను."

"ఎలా కుదురుతుందమ్మా? మీరు కిందికొస్తే ఆడవాళ్ల గది నియమం పోతుంది. పైనుంటే వికలాంగుల గది నియమం పోతుంది. నాకు రెండూ రెండు కళ్లు. వేరే ఇద్దామంటే కింద ఖాళీ గది లేదు."

"అయితే మెట్ల మీద కూర్చోమంటారా?"

పెద్దాఫీసరు నియమాల పుస్తకం తిరగేశాడు. "సలహా బాగానే ఉంది. కానీ మెట్లు నా పరిధిలోకి రావు."

ఫొటో స్టూడియో నడిపే ఆమె భర్త సాయంత్రం ఆఫీసు మెట్ల దగ్గర ఇదంతా విని పడీపడీ నవ్వాడు.

"నవ్వుతారేంటండీ? ఇక్కడ నా ప్రాణం పోతుంటే!"

"నీ కాలు చూసి కాదే, మీ ఆఫీసును తలుచుకుని. ఆ మూతి అలాగే ముడుచుకుని నిలబడు. కదలకు. గడ్డం కొంచెం దించు."

అలా పుట్టింది ఆ మీమ్. మెట్ల నడుమ కర్రతో టైపిస్టమ్మ. పైన, 'ఆడవాళ్లా? పైకెళ్లండి.' కింద, 'వికలాంగులా? కిందికి రండి.' నడుమ, 'రెండూనా? మరి ఒక్కరే వచ్చారేం?'

తెల్లారేసరికి అది చూడని ఫోను లేదు.

మర్నాడు ఆమె రెండో అంతస్తు మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటుంటే, సంస్థలోని ఆచార్యులవారొకరు ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చారు.

"కొంచెం జరగమ్మా, సిగ్నల్ ఇక్కడే వస్తుంది. ఆహా! ఒకే మనిషిలో రెండు అస్తిత్వాల కూడలి అంటే ఇదీ! అరెరె, అచ్చం మీలాగే ఉందే!"

"నేనేనండీ."

"అదేనమ్మా దీని గొప్పతనం! ప్రతి స్త్రీ ఇందులో తనను తాను చూసుకుంటుంది."

"అది కాదండీ, ఆ కర్ర కూడా నాదే."

"భేష్! ఎంత లోతుగా అనుభూతి చెందారు!" అంటూ ఆయన ఆమెను దాటి మెట్లెక్కిపోయారు.

ఆ వారమే నవ్వు అర్హత నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. మీమ్‌కు ఆడవాళ్లు సగం నవ్వవచ్చు. వికలాంగులు తక్కిన సగం నవ్వవచ్చు. రెండు కాళ్లూ బాగున్న మగవాళ్లు చిరునవ్వుకు దరఖాస్తు పెట్టుకోవాలి (పెద్దాఫీసరుది పెండింగులో ఉంది). టైపిస్టమ్మను పిలిచి, ఏ విభాగం తరఫున నవ్వదలిచారని అడిగారు.

"నాకు నవ్వు రావడం లేదండీ. కుర్చీ సంగతి చెప్పండి."

'మూడో విభాగం: నవ్వు రానివారు' అని రాసుకుని, ఉపసంఘం ఆమెకు మనసారా కృతజ్ఞతలు తెలిపింది.

చివరికి ఇంత గొప్ప మీమ్ అందరికీ అందుబాటులో ఉండాలని తీర్మానం జరిగింది. కింద లేని గది కిందే దొరికింది. గడప తీసేసి వాలుదారి కట్టారు, గోడ పొడవునా పట్టుకోవడానికి కమ్మీ బిగించారు, అలిసినవారికి మెత్తటి కుర్చీ వేశారు. మీమ్‌ను నిలువెత్తున చట్రం కట్టించి తగిలించారు. భర్త ఆ గది ఫొటో తీసి ఇంట్లో చూపిస్తూ, "నీకు గది వచ్చిందే!" అన్నాడు. టైపిస్టమ్మ అందులోని కుర్చీ ఎలా ఉందో ఫొటో పెద్దది చేసి చూసింది. చేతులున్న కుర్చీ.

తలుపు మీద బోర్డు కూడా స్పష్టంగా ఉంది: చీటీ లేనిదే ప్రవేశం లేదు. చీటీలు మూడో అంతస్తులో, టైపిస్టమ్మ దగ్గర దొరుకును.