ఒక తల తక్కువ

నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకని చెప్పి యూనివర్సిటీకి పోవడం, వైవా ముగించుకోవడం, ఏమీ ఎరగనట్టు సాయంత్రం ఇల్లు చేరడం. విపత్తు నిర్వహణలో పీజీ చేస్తున్న ఆయనకి వైవా అప్పటికి రెండుసార్లు పోయింది. ఇక మిగిలింది ఇదొక్కటే. పోయిన రెండుసార్లూ ఇంటిల్లిపాదీ కూర్చుని ఓదార్చారు. ఆ ఓదార్పు తలుచుకుంటేనే ఆయనకి అన్నం సహించదు.

ఆ పీజీ కోసం రెండేళ్లు కూర్చుని రాసిన వ్యాసం సారమంతా ఒక కాగితమై ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటుకుని ఉంది. ఇంట్లో ఎవరైనా మూడుసార్లు ఫోన్ చేసినా పలక్కపోతే, పనిచేసే చోట వాకబు చెయ్యాలి. అక్కడా లేకపోతే అందరూ ఉన్నపళంగా, ఇంటికి దగ్గర్లో ఉన్న ఖాళీ జాగా గనక, యూనివర్సిటీ మైదానం చేరాలి. తలల లెక్క సరిపోయేదాకా ఎవ్వరూ కదలకూడదు. ప్రతి ఆదివారం ఆయన వీటిని భార్య చేత, తల్లి చేత, బస్సు నడిపే బావమరిది చేత వల్లె వేయించేవాడు. వాళ్లు ఆవలిస్తూ అప్పజెప్పేవారు.

ఆ రోజు చదువుకునే కళ్లజోడు ఇంట్లో మరచిపోయాడు.

పొద్దుటినుంచీ ముసురు. వైవా గది గుమ్మం దగ్గర అటెండరు ఫోన్ ఆపించి తీసుకున్నాడు. లోపల పరీక్షకుడు వ్యాసం ముందుకు తోశాడు.

"నలభయ్యో పేజీ చదవండి."

జోడు లేక పేజీ నిండా చీమలు పాకుతున్నట్టుంది. తలెత్తితే మాత్రం కిటికీలోంచి మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా శుభ్రంగా కనిపిస్తోంది.

"కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయండీ. నిజంగా ముంచుకొచ్చినప్పుడు మీ ఇంట్లోవాళ్లకి ఇవన్నీ గుర్తుంటాయా? రుజువేదీ? పోయినసారీ ఇదే అడిగాను."

గుమాస్తా మళ్లీ కిటికీ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య మైదానంలోకి పరుగున వచ్చింది.

జరిగిందేమిటంటే, జోడు సంగతి చెబుదామని ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసింది. పలకలేదు. ఆఫీసుకి చేస్తే, "ఇవాళ సెలవు పెట్టారుగా!" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో చెప్పకుండా సెలవు పెట్టిన మనిషి కాడు. ఆవిడ అందరికీ కబురు పెట్టి మైదానానికి పరుగు తీసింది.

వెనకే తల్లి, రూలు ప్రకారం మందుల సంచీతో, మంచినీళ్ల సీసాతో. ఆ వెనక బావమరిది బస్సు, ప్రయాణికులతో సహా. వాళ్లని దింపుతూ కూర్చుంటే ఆలస్యమవుతుందని నేరుగా తెచ్చేశాడు. ఏమైందని వాళ్లడిగితే "ఒకడు తక్కువయ్యాడు బాబూ" అని తల్లి ఏడ్చింది. ఎవరో ఫైరింజనుకి కబురు పెట్టారు. వచ్చినవాళ్లు ఊరుకోలేక, మైదానం మూలనున్న డ్రైనేజీ మూత ఎత్తి లోపలికి టార్చి వేశారు.

గుమాస్తా వ్యాసం మూసేశాడు. తన శవం కోసం వెతుకుతుంటే తను కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. తల్లి తడి గడ్డిలో చతికిలబడింది. భార్య వేలు చూపుతూ లెక్కపెడుతోంది, మళ్లీ మొదటినుంచీ లెక్కపెడుతోంది.

"సార్, నేను వెళ్లాలి."

"మధ్యలో లేచి వెళ్తే పరీక్ష పోయినట్టే. ఇంకో అవకాశం ఉండదు, తెలుసుగా?"

"తెలుసు సార్. మా ఇంట్లో ఒక తల తక్కువైంది. అది నాదే."

మెట్లు దూకుతూ వెళ్లి వాన్లో నిలబడ్డాడు. భార్య చూసింది. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

"ఎక్కడికెళ్లారండీ!"

"వైవాకి. మళ్లీ తప్పితే మీకు మొహం చూపించలేక, చెప్పలేదు."

"మేము ఓదారిస్తే అంత బరువా మీకు?"

ఆయన వంగి తల్లిని లేవదీశాడు. బావమరిది మాత్రం, "బావా, లెక్క తేలిందిగా, ఇక బస్సు తియ్యొచ్చా?" అన్నాడు.

వెనకనుంచి పరీక్షకుడు గొడుగు వేసుకుని వచ్చాడు. "మిమ్మల్నిక్కడికి ఎవరు రమ్మన్నారమ్మా?" అని తల్లినడిగాడు. ఆవిడ ముక్కు చీదుకుని, ఒక్క రూలు తప్పకుండా మొత్తం అప్పజెప్పింది. ఆయన గడియారం చూసుకున్నాడు, బస్సు చూశాడు, డ్రైనేజీలోంచి పైకొస్తున్న మనిషిని చూశాడు. గొడుగు కిందే వ్యాసం అట్ట మీద 'ఉత్తీర్ణుడు' అని రాసి సంతకం పెట్టాడు.

"రుజువుగా సంఘటన నివేదిక జతచెయ్యాలి. బాధితుడు నింపకూడదు," అని ఫారం భార్య చేతికిచ్చాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని గడులన్నీ నింపింది. సంచీలోంచి జోడు తీసి మొగుడి ముక్కు మీద తనే పెట్టింది. ఇప్పుడు ఆయనకి ఆ ఫారంలో ప్రతి అక్షరం స్పష్టంగా కనబడింది.

విపత్తుకు కారణం: మావారు.