విశ్వాసం మాస్టారి వెదురు చుక్క

నా పేరు విశ్వాసం. మా ఆవిడ దెబోరాకి నా మీద లేనిది కూడా అదే.

ఈ ఏడు మా పాచిపెంటలో దీపాల ఊరేగింపు పెట్టారు. కొండ పల్లెలవాళ్లు ఎండిన ఆనపకాయ బుర్రల దీపాలు, దిగువ వీధులవాళ్లు ఆకాశదీపాలు, మా చర్చివాళ్లు వెదురు బద్దల క్రిస్మస్ నక్షత్రం, అదే చుక్క, తేవాలి. షరతు ఒకటే: ఎవరు చేసింది వాళ్లే మోయాలి. అందరికంటే ముందు నడిచేది చుక్క. "అది నేనే చేస్తా. వెదురు ఆడాళ్ల చేతికి లొంగదు" అని ఆదివారం నిండు సంఘంలో అనేశాను.

సోమవారం వెదురు నాకు ఎదురు తిరిగింది. పెళ్లిలో వేసిన ముడి తప్ప నాకు మరో ముడి రాదు. అదీ మా అక్క సాయం పట్టింది.

"ఏటండీ, పెరట్లో ఏటి సేత్తన్నారు?" అంది దెబోరా.

"చుక్క."

"అలగా? నాను మేకలకి దడి కడతన్నారనుకున్నాను."

మర్నాడు గుట్టుగా బుట్టలల్లే పైడయ్య దగ్గరికి వెళ్లి చుక్క అల్లిపెట్టమన్నాను. మా ఆవిడకి మాత్రం తెలియకూడదన్నాను.

"మీ గుట్టు నా బుట్టలోనే ఉంటాది మేస్టారూ" అన్నాడు.

శుక్రవారానికి చుక్క చేతికొచ్చింది. ఎంత బాగుందంటే, చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను. కాస్తయినా నా చెయ్యి పడాలి కదా అని ఒక ముడి విప్పి మళ్లీ వేశాను కూడా.

శనివారం సాయంత్రం మైదానంలో థింసా ఆట డప్పులకంటే ముందే నా గుండెలో డప్పు మొదలైంది. ఎలా చేశావని అడిగినవాళ్లకల్లా "ప్రార్థనతో" అని చెప్పుకొచ్చాను. అది సగం నిజమే.

పది అడుగులు వేశానో లేదో చుక్క ఒక మూల వాలిపోయింది. ఊరేగింపు ఆగింది. సంఘపెద్ద లాజరస్ గారిని కునుకులోంచి లేపడం ప్రభువుకే సాధ్యం. అలాంటి మనిషి ఆ వేళ పరుగున వచ్చారు.

"నువ్వల్లిందే కదా విశ్వాసం, బేగి ముడెయ్యి. ఎనకాల రెండొందల దీపాలు ఆగున్నాయి."

ఒక బద్ద లాగాను. రెండో మూల కూడా వాలింది. గుంపులో ఉన్న పైడయ్యకి కళ్లతోనే దణ్ణం పెట్టాను. ఆ మహానుభావుడు గొంతెత్తాడు.

"నన్ను సూత్తారేటి మేస్టారూ? నానల్లనేదు. సంతకి బుట్టలు తెమలక అమ్మగారికి అప్పజెప్పీసినాను."

జనం నా వైపు తిరిగారు. నేను దెబోరా వైపు తిరిగాను. నాలుగేళ్లుగా మధ్యాహ్నాలు పైడయ్య ఇంట్లో అల్లిక నేర్చుకుంటోందట. ఆ సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసట.

ఆవిడ నింపాదిగా వచ్చి, నేను వేసిన ముడి ఊడదీసి, బద్ద మెలిపెట్టి కట్టింది. చుక్క నిలబడింది. నాకు చుక్కలు కనబడ్డాయి.

"నాకొక మాట చెప్పొచ్చు కదే" అని గొణిగాను.

"మీరు నాకు సెప్పినారేటి?"

లాజరస్ గారు షరతు గుర్తుచేశారు. చుక్క దెబోరా చేతికి వెళ్లింది, దాని లోపలి బల్బు వెలిగించే బ్యాటరీ నా నెత్తికెక్కింది. మధ్యలో వైరు రెండు మూరలే. ఊరేగింపంతా ఆవిడ ఎటు తిరిగితే అటు తిరిగాను.

ఊళ్లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు.