డోలు మోగకూడని ఇల్లు

భోపాల్‌పట్నం బజారు వీధిలో మర్యాద అనేది ఒక్క ఇంట్లో మిగిలి ఉంటే, ఆ ఇల్లు మాదే!

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. ఒత్తులు ఎక్కడైనా జారిపడితే, దీర్ఘాలు పొట్టిగా మిగిలిపోతే చదివేవారు మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై ఒకటో ఏట, రామనాథం మాస్టారి దగ్గర. అవీ తెలుగు అక్షరాలే, ఈ ఊరి ఆఫీసు కాగితాలన్నీ హిందీలో ఉన్నా. హిందీ మాట్లాడతాను, హిందీలో బేరమాడతాను, అవసరమైతే తిడతాను. చదవలేను. ఈ సంగతి మాస్టారికి తెలుసు, నాకు తెలుసు, వీధికి తెలియదు అనుకున్నాను. వీధి గురించి నేను అనుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి.

మా ఆయన శ్రీరంగంగారు పోయాక కొట్టు మూతపడింది. బోర్డు మాత్రం తీయలేదు. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, ఖాళీ గల్లాపెట్టె వెనుక గంటసేపు కూర్చుని లేస్తాను. ఎవరైనా ఏదైనా అడిగితే స్టాకు రావాలంటాను. స్టాకు నిజంగానే వస్తుంది, కాకపోతే పెరటి తలుపు నుంచి. ఒక పెద్ద వ్యాపారి చింతపండు బస్తాలు పంపిస్తాడు. నేను గింజ తీసి తిప్పి పంపిస్తాను. ఆయన గోదాములో ఆడవాళ్ళు కూలికి కూర్చుని చేసే పని, నేను నా పెరట్లో కూర్చుని చేస్తాను. తేడా అంతా పెరడు ఎవరిదన్న దాంట్లోనే ఉంది. నా మర్యాద ఆ తేడా మీదే నిలబడి ఉంది.

కానీ చింతపండు మూగది కాదు. బండ మీద పెట్టి కర్రతో కొడితే చప్పుడవుతుంది. ఆ చప్పుడేమిటని పక్కింటి మంగాదేవి ఒకసారి అడిగింది. పూజకు పసుపు కొట్టుకుంటున్నానని చెప్పాను. మాఘం నుంచి వైశాఖం దాకా, రోజుకు మూడేసి గంటలు పూజకు పసుపు కొట్టుకునే ఇల్లు బస్తర్ మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. మంగాదేవి తలూపి ఊరుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ముందు గదిలో హుంగే అద్దెకు దిగింది. ఉసూరు వైపు దోర్ల ఆదివాసుల పిల్ల. పన్నెండో తరగతి చదివి బట్టల దుకాణంలో పని చేస్తోంది. హాస్టల్లో ఉన్నప్పుడు బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక టీచరమ్మ ఇచ్చిన గిటారు, ఒక పెట్టె, అదే ఆమె సామాను. దిగబెట్టడానికి తండ్రి హడ్మా వచ్చాడు. పెళ్ళిళ్ళలో డోలు వాయించే మనిషి, భుజాన డోలుతోనే వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి షరతు చెప్పాను.

"చూడు హడ్మా, ఇది మర్యాదస్తుల ఇల్లు. ఇక్కడ డోలు మోగకూడదు."

హడ్మా భుజం మీంచి తాడు తప్పించాడు. డోలును చూరు కింద పెట్టాడు. నేను లోపలికి రమ్మన్నా రాకుండా డోలు పక్కనే కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఎంత వినయం అనుకున్నాను. అది వినయం కాదని అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ముందే చెప్పాను, నేను నిదానం.

డోలు బయటే ఉండిపోయింది గానీ, డోళ్ళ మధ్య పెరిగిన చేతులు లోపలికి వచ్చేశాయి. హుంగే గిటారు తీగలు మీటుతూనే మణికట్టు దగ్గరి అరచేతితో చెక్క మీద బరువుగా ఒక దెబ్బ వేసేది. ఆ వెంటనే గోళ్ళతో అంచు మీద తేలిగ్గా రెండు. మళ్ళీ తీగ, మళ్ళీ దెబ్బ. పాట ఎక్కడా ఆగేది కాదు. కళ్ళు మూసుకుని వింటే గదిలో ఇద్దరున్నారనిపించేది. ఆమె దిగిన నెలకు అది మొదటిసారి విన్నప్పుడు నేను గబగబా వెళ్ళి తలుపు వెనుకా మంచం కిందా వెతికాను.

"డోలు ఏది పిల్లా?"

"లేదవ్వా. ఇది ఉట్టి చెక్క. దీనికి తోలే లేదు గదా, నీ మాట తప్పినట్టెట్ల అయితది?"

తర్కం బాగానే ఉంది. పైగా అడిగినవాళ్ళకు చెప్పుకోవడానికి గిటారు చాలా గౌరవంగా ఉంటుంది. ఆ చెక్క దెబ్బల పద్ధతి మా ఇంటి క్రమశిక్షణ వల్లే పుట్టిందని కూడా నేను నలుగురితో చెప్పాను.

ఇలా ఉండగా ఊళ్ళోని ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు సంగీతం టీచరు కావాలని నోటీసు పడింది. ఇంద్రావతి కళా మేళాలో మొదటి బహుమతి పత్రం ఉన్నవాళ్ళే దరఖాస్తు పెట్టాలి. బట్టల దుకాణం వాళ్ళు ఎండాకాలం తర్వాత మనిషి అక్కర్లేదని అప్పటికే చెప్పేశారు. ఆ కొలువు వస్తే హుంగే ఇక్కడ ఉంటుంది. రాకపోతే గిటారు చుట్టిపెట్టి ఊరికి వెళ్ళిపోతుంది. అందుకని మేళా ఫారం తెచ్చి నాకిచ్చి, ఇంటి యజమానిగా అడుగున సంతకం పెట్టమని చెప్పి పనికి వెళ్ళింది.

ఆ సమయానికి మంగాదేవి మా వరండాలో ఉంది. ఫారం హిందీలో ఉంది. మంగాదేవి చూస్తుండగా నేను కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, మధ్యమధ్య "ఊఁ" అంటూ మొత్తం చదివాను. అంటే కదిపాను. అడుగున రెండు ఖాళీ గీతలు కనిపించాయి. ఒకదాని మీద సంతకం పెట్టాను. రెండోది వెలితిగా కనిపించింది. కొత్తగా సంతకం నేర్చినవాళ్ళకు ఖాళీ గీతను చూస్తే చేయి ఆగదు. దాని మీద కూడా పెట్టాను, మొదటిదానికంటే అందంగా వచ్చింది.

వారం తర్వాత మేళా కమిటీ గుమాస్తా రామారావు కబురు పెట్టాడు. రామారావుది ఆంధ్రా, గనుల ఊళ్ళో పెరిగినవాడు. అతను చెప్పిన దాని ప్రకారం ఆ రెండో గీత పక్కవాద్యం వాయించే కళాకారులది. వాద్యం గడి ఖాళీగా ఉంటే అతనే డోలు అని నింపాడట; ఇప్పుడు పట్టికలో హుంగే గిటారు అనీ, వరమ్మ డోలు అనీ అచ్చయింది.

నా పేరు కొట్టేయమన్నాను.

"కొట్టేస్తే ఇంకో చిక్కుందమ్మా," అన్నాడు. "తీగ వాద్యం ఒక పట్టిక, దెబ్బ వాద్యం ఇంకో పట్టిక. ఒక మనిషి రెంటిలో ఉండటానికి నియమం లేదు. ఆ పిల్ల గిటారు మీదే కొడతానంటే ఏ పట్టికలోనూ పట్టదు. మీరు సంతకం పెట్టబట్టే కేసు నిలిచింది. మీరు రాకపోతే జట్టు మొత్తం రద్దు."

"నేను కూర్చుంటే చాలా? వాయించాలా?"

"కూర్చోవాలని రాసుంది. వాయించాలని ఎక్కడా రాయలేదు."

అలా నేను కళాకారిణినయ్యాను. డోలు ఎక్కడి నుంచి తేవాలి? హడ్మా తెచ్చాడు. రెండేళ్ళ కింద చూరు దగ్గర ఆపిన అదే డోలు. నా ఒళ్ళో పెట్టి, తాడు సర్ది, వేదిక కిందికి దిగిపోయాడు.

వేదిక మీద నుంచి చూస్తే బజారు వీధి మొత్తం కుర్చీల్లో ఉంది. మా వాళ్ళందరి ముందు తోలు మీద చేయి వేయడమా? రెండు చేతులూ డోలుకు బెత్తెడు ఎత్తున గాల్లో నిలబెట్టాను. పాట ఉన్నంతసేపూ ఆ చేతులు దిగలేదు. మొహమాటం కొద్దీ కొంచెం ఊపాను. పక్కన హుంగే తీగ మీటింది, చెక్క మీద కొట్టింది, అంచు మీద గోళ్ళు ఆడించింది. జనం కాళ్ళతో తాళం వేశారు. ఆ దెబ్బల్లో ఒక్కటి కూడా నాది కాదు.

న్యాయనిర్ణేతలు దూరంగా కూర్చున్నారు. వాళ్ళకు డోలు కనిపించింది, దెబ్బ వినిపించింది. రెండూ కలిపారు. తీర్పు మైకులో చదివారు. ఈ వయసులో ఇంత నిండైన తాళం వేసిన వరమ్మగారికి మొదటి బహుమతి. గిటారు వాయించిన అమ్మాయి చేయి మంచిదే గానీ, తాళం కోసం పక్కవాళ్ళ మీద బొత్తిగా ఆధారపడింది కాబట్టి ఆమెకు ప్రోత్సాహక బహుమతి.

నేను నిజం చెప్పడానికే లేచాను. ఒట్టు. నోరు కూడా తెరిచాను. అంతలో శాలువా కప్పారు. శాలువా కప్పుకుని నిజం చెప్పడం చాలా కష్టం, అది జారిపోతూ ఉంటుంది. రెండు చేతులా శాలువా పట్టుకుని నమస్కారం పెట్టి కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక హుంగే అన్నం వండింది, నాకూ పెట్టింది. ఆ మంచితనం భరించలేక నేనే ఆమె మీద విరుచుకుపడ్డాను. అంత గట్టిగా కొట్టమని ఎవరు చెప్పారన్నాను. నీ దెబ్బ నాకెందుకు అంటగట్టావన్నాను. తప్పు చేసినవాళ్ళు ఎంత న్యాయంగా మాట్లాడతారో ఆ రోజు నేను మాట్లాడాను.

హుంగే కంచం కడిగి బోర్లించి అంది: "ఆ దెబ్బ నాది కాదవ్వా. నీదే."

"నేను చెయ్యి ఆనించలేదు గదనే."

"డోలు మీద కాదు. పెరట్ల. గుజ్జు విడేటందుకు ఒక బరువు దెబ్బ, గింజ ఎగిరేటందుకు అంచు మీద రెండు తేలిక. రెండేండ్ల సంది గోడవతల ఇంటున్న. మా నాయన దెబ్బ వేరే ఉంటది. నేను నేర్చుకున్నది నీ దగ్గర."

"అది పసుపు..." అన్నాను.

"పసుపుకు గింజలుంటయా అవ్వా?"

దరఖాస్తుకు నాలుగు రోజులే గడువు ఉంది.

మర్నాడు రామారావు ఆఫీసుకు వెళ్ళాను. నేను వాయించలేదు, ఆ పిల్లే వాయించింది, పత్రం ఆమె పేరుకు మార్చమన్నాను. అతను చాలా మర్యాదగా విన్నాడు.

"అమ్మా, మీరు వాయించలేదని రాయాలంటే, వాయించనివాళ్ళకు బహుమతి ఇచ్చామని కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ వచ్చే ఏడు కూర్చుంటుంది."

"అప్పటిదాకా బడి ఆగుతుందా?"

"ఆగదు. ఇంకో దారి ఉంది. మొదటి బహుమతి పొందిన కళాకారులు తమ శిష్యులకు ప్రమాణ పత్రం ఇవ్వొచ్చు. దానికీ అదే విలువ. నిజానికి వాయించనక్కర్లేదు, నేర్పి ఉంటే చాలు."

ఫారం నా ముందుకు తోశాడు. హిందీ. ఆఫీసులో మా వీధివాళ్ళు ఇద్దరున్నారు, వేరే పనుల మీద వచ్చినవాళ్ళు. నా చేయి కళ్ళజోడు కోసం వెళ్ళింది. పెదవులు కదపడానికి సిద్ధమయ్యాయి. ఈసారి ఏ గీత మీద ఏం పెడతానోనని భయం వేసింది.

"చదివి వినిపించు బాబూ," అన్నాను. "నాకు హిందీ అక్షరాలు రావు."

ఆఫీసులో ఎవరూ తలెత్తలేదు. పైకప్పు కూలుతుందనుకున్నాను, ఫ్యాను కూడా ఆగలేదు. రామారావు చదవడం మొదలుపెట్టాడు. శిష్యురాలి పేరు? హుంగే. నేర్పిన వాద్యం?

"చింతపండు కొట్టే కర్ర."

రామారావు కలం ఆపాడు. "అమ్మా, ఇందులో తోలు, లోహం, కొయ్య అని మూడే ఉన్నాయి."

"కొయ్యే కదా."

"కొయ్యే." రాసుకున్నాడు. "నేర్పిన స్థలం?"

"మా పెరడు."

"ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు. రోజుకు మూడు గంటలు."

"ఇంత సాధన ఈ జిల్లాలో ఎవరికీ లేదమ్మా," అన్నాడు. వెక్కిరింత కాదు. అతని లెక్కలో అన్ని గడులూ నిండాయి, అదే అతని ఆనందం.

సంతకం పెట్టాను. పక్కనే ఇంకో ఖాళీ గీత ఉంది. అదేంది అని అడిగాను. అది ఆఫీసుదట. చేయి వెనక్కి తీసుకున్నాను.

ఆ కాగితం నియమం ప్రకారం నోటీసు బోర్డు మీద వారం రోజులు వేలాడింది. అంటే కొట్టు యజమానురాలు శ్రీరంగంగారి భార్య చింతపండు కొడుతుందని, స్టాంపు వేసి మరీ ఊరికి తెలియజేశారు. హుంగేకు కొలువు వచ్చింది. నేను వారం పాటు షట్టరు ఎత్తలేదు.

ఎనిమిదో రోజు మంగాదేవి పెరటి తలుపు నుంచి వచ్చింది. చేతిలో ఏదో చీర కొంగుతో కప్పుకుని ఉంది.

"ఏంది వదినా, పసుపు ఆపేసినవ్? నీ చప్పుడుతోనే నేను పొయ్యి మీద టీ పెట్టుకునేది. వారం నుంచి టైం తెలుస్తలేదు."

"నీకు ముందే తెలుసా?"

"వీధి మొత్తానికి తెలుసు. నువ్వు ఫారం తలకిందులు పట్టుకుని చదివి, సంతకానికి మళ్ళీ తిప్పినప్పుడే హిందీ సంగతి కూడా తెలిసింది. బాధపడతవని ఎవరూ అనలేదు."

కొంగు తీసింది. లోపల ఉన్నది కర్ర. చింతపండు కొట్టీ కొట్టీ నాదాని కంటే నల్లబడింది.

"మా ఇంట్ల మధ్యాహ్నం రేడియో అంత పెద్దగ ఎందుకు పెడతననుకున్నవ్?" అని నా బండకు ఎదురుగా కూర్చుంది.

ఇప్పుడు వీధిలో ఇంకో ఇద్దరు కూడా కలిసి మా పెరట్లో నలుగురం కొడుతున్నాం. ఆదివారాలు హుంగే బడి పిల్లలను తీసుకొచ్చి, ఒక బరువు, రెండు తేలిక, విని గిటారు చెక్క మీద వేయమంటుంది. హడ్మా డోలు లోపలే, కొట్టు గల్లాపెట్టె మీద ఉంది. తిరిగి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు నేనే ఉంచమన్నాను. ఈసారి అతను లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగాడు. బయటి ఊరివాళ్ళు ఎవరైనా ఆ డోలును చూసి వాయించమంటే, చేతి నొప్పి వల్ల మానేశానని చెబుతాను. ఉన్నపళంగా అన్నీ వదిలేయడం ఎవరి వల్లనవుతుంది!

ఇట్లు,
వరమ్మ, అరవై ఏడేళ్ళు. ఉండేది భోపాల్‌పట్నం బజారు వీధిలో, అదే ఇంట్లో. వచ్చేవాళ్ళు పెరటి తలుపు నుంచి రావాలి. పైన రాసిందంతా రెండుసార్లు చదివాకే ఈ సంతకం పెట్టాను. ఒక్క గీత మీదే.